తొమ్మిది నిమిషాల ఘాట్ రోడ్డు: ఉచిత వెబ్ ఎడిటర్‌తో ఒక ఇంటి వీడియో మిక్సింగ్

2024 ఫిబ్రవరి మొదటి వారంలో చిత్తూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు భుజానికి ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని మా దుకాణానికి వచ్చారు. తిరుపతి భవానీనగర్‌లో పాత క్యాసెట్లను, డిస్కులను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చే చిన్న దుకాణం నాది. అంతకుముందు పదిహేనేళ్లు పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేశాను. సాధారణంగా మా మెట్లెక్కేవారి చేతిలో క్యాసెట్ల సంచి ఉంటుంది. ఆమె మాత్రం ఒక ఫిర్యాదుతో వచ్చారు.

"అన్నా, మూడు రాత్రులు కూర్చుని చేశాను. తీరా బయటికి తీసుకుందామంటే డబ్బు కట్టమంటోంది."

విషయం ఇది. మార్చి నెలాఖరులో వాళ్ల మామగారికి సహస్ర చంద్ర దర్శన శాంతి. పౌర్ణమి నుంచి పౌర్ణమికి సగటున 29.53 రోజులు కాబట్టి వెయ్యి పున్నములు చూడాలంటే దాదాపు 80 ఏళ్ల 10 నెలలు బతకాలి. 1943లో పుట్టిన మనిషికి ఆ లెక్క ఇప్పుడు నిండుతోంది. ఆ రోజు కల్యాణ మండపంలో ఇంటి పాత వీడియోలన్నీ కలిపి ఒక సినిమాలా వేయాలని కోడలి ఆలోచన. ఏదీ కొనకూడదు, తన ల్యాప్‌టాప్‌లోనే, తన చేత్తోనే జరగాలి. నాకు అప్పగిస్తే రెండు రోజుల్లో చేసి ఇస్తానన్నాను. "అప్పుడది మీరు చేసిన వీడియో అవుతుంది కదన్నా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను పక్కన కూర్చుని చెప్పేటట్టు, మౌసు ఆమె చేతిలోనే ఉండేటట్టు ఒప్పుకున్నాం. ఈ వివరాలు రాయడానికి ఆమె అనుమతి ఉంది. మనుషులను గుర్తుపట్టగలిగే సంగతులు తీసేశాను.

మూడు రాత్రులు ఎక్కడ పోయాయి

ఆమె బ్రౌజర్‌లో 'ఉచిత వీడియో ఎడిటర్' అని వెతికి, పైన కనిపించిన ఒక సైటు తెరిచారు. ఫోనులోని క్లిప్పులు అందులోకి ఎక్కించి, పదకొండు నిమిషాల దాకా చక్కగానే పేర్చారు. ఎక్స్‌పోర్ట్ నొక్కాక తెలిసింది: ఉచిత ఖాతాలో కొద్ది నిమిషాల వీడియో మాత్రమే బయటికి వస్తుంది. అది కూడా తక్కువ నాణ్యతతో, మూలన వాటర్‌మార్కుతో, అంటే సైటు ముద్రతో. సైటు ఈ షరతులను దాచలేదు. ధరల పేజీలో రాసే ఉన్నాయి. కానీ ఉచితంగా వాడుకోవడానికి వచ్చిన మనిషి ధరల పేజీ ఎందుకు తెరుస్తుంది?

నిజానికి ఇది చిన్న నష్టం. పెద్దది మాటల మధ్యలో బయటపడింది. ఫోను నిండిపోయిందని, క్లిప్పులు ఎలాగూ సైటులో ఉన్నాయి కదా అని, ఆరు వీడియోలను ఆమె ఫోనులోంచి తీసేశారు. ఉచిత ఖాతాల ఫైళ్లను ఆ సైటు కొద్ది రోజులే ఉంచుతుందట. మేం చూసేసరికి టైమ్‌లైన్‌లో, అంటే క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీలో, వాటి స్థానంలో బూడిదరంగు పెట్టెలు ఉన్నాయి.

అందుకే ఆ రోజు ఎడిటింగ్ మాటే ఎత్తలేదు. ముందు గూగుల్ ఫోటోస్‌లో చెత్తబుట్ట తెరిపించాను. బ్యాకప్ అయిన వీడియోను తొలగిస్తే అది 60 రోజులు అందులో ఉంటుంది. బ్యాకప్ కానిది ఫోనులో 30 రోజులే. ఆరింటిలో నాలుగు దొరికాయి. మిగిలిన రెండూ ఆడపడుచుకు వాట్సాప్‌లో పంపినవి మాత్రమే మిగిలాయి. వాట్సాప్ వీడియోను పిండి చిన్నది చేస్తుందని అందరికీ తెలుసు. అదే వీడియోను డాక్యుమెంట్ రూపంలో జతచేస్తే 2 జీబీ దాకా చెక్కు చెదరకుండా వెళుతుందని మాత్రం తెలియదు. ఆ సాయంత్రమే కుటుంబం గ్రూపులో సందేశం పెట్టించాను: ఇకమీదట ఎవరు ఏ వీడియో పంపినా డాక్యుమెంట్‌గానే పంపాలి.

ఈ కేసులో నేను నేర్పినది ఒకటే ఉంటే అది ఇది. ఎడిటర్ మన వస్తువులు దాచుకునే బీరువా కాదు, కూరలు తరుక్కునే పీట. పీట మీద ఎంత కావాలో అంతే పెట్టుకోవాలి. 2000లో విండోస్‌తో పాటు వచ్చిన మూవీ మేకర్ అనే ఎడిటర్‌ను మైక్రోసాఫ్ట్ 2017 జనవరి 10తో ఆపేసింది. అదే ఏడాది సెప్టెంబరు 20న యూట్యూబ్ తన పాత వీడియో ఎడిటర్‌ను మూసేసింది. లక్షల మంది అలవాటుపడినవే పోయాయి, కొత్తగా పుట్టిన సైటు ఎంతకాలం ఉంటుందని నమ్ముతాం?

పది సెకన్ల పరీక్ష

రెండో శనివారం ఆమె మళ్లీ వచ్చారు. ఒక టెర్రాబైట్ హార్డ్ డిస్కు తెమ్మన్నాను, బావగారిది అడిగి తెచ్చారు. ఏ ఎడిటర్‌లో చేయాలో తేల్చడానికి నేను పెట్టే పరీక్ష చాలా చిన్నది. పది సెకన్ల క్లిప్పు ఒకటి, దాని మీద ఒక తెలుగు పేరు, కింద కాస్త సంగీతం. అంతే పెట్టి వెంటనే ఎక్స్‌పోర్ట్ చేయాలి. వచ్చిన ఫైలు మీద కుడి మౌసు నొక్కి వివరాల్లో ఫ్రేము, అంటే బొమ్మ, ఎత్తు 1080 చుక్కలు ఉందా లేదా చూడాలి. వాటర్‌మార్కు ఉందా, తెలుగు ఒత్తులు విడిపోయాయా, పది సెకన్లు బయటికి రావడానికి ఎంతసేపు పట్టింది. నాలుగైదు నిమిషాల్లో సైటు అసలు స్వరూపం తెలిసిపోతుంది. మూడు రాత్రుల తర్వాత తెలియాల్సిన పని లేదు.

దీనికి తోడు ఇంకొక పరీక్ష ఉంది. నాకు ఇదే ముఖ్యం. బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్లన్నీ ఒకలా ఉండవు. కొన్ని మన ఫైలును తమ సర్వరుకు ఎక్కించుకుని అక్కడ పని చేస్తాయి. కొన్ని పేజీని మాత్రం ఇంటర్నెట్ నుంచి తెచ్చి, కోతా కూర్పూ అంతా మన కంప్యూటర్‌లోనే చేస్తాయి. రెండూ చూడటానికి ఒకటే. తేడా తెలుసుకోవాలంటే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో వైఫై గీతను చూస్తూ ఎడిటర్‌లోకి పెద్ద ఫైలు ఒకటి లాగాలి. 'సెండ్' అంకె ఒక్కసారిగా లేచి అలాగే నిలబడితే ఫైలు ఇల్లు దాటి వెళుతోందని అర్థం.

ఎందుకింత పట్టింపు అంటే, ఒకటి, పిల్లల స్నానాలు, పెద్దవాళ్ల ఆసుపత్రి మంచాలు ఉన్న ఫుటేజి అది. ఎవరి సర్వరులోనో ఎందుకు ఉండాలి? రెండోది శుద్ధ లెక్క. వాళ్లింట్లో రాత్రిపూట అప్‌లోడ్ వేగం కొలిపించాను, 12 ఎంబీపీఎస్ వచ్చింది. ఇంగ్లిషులో Mbps అని రాస్తే ఇక్కడి బి చిన్న బి, అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. వాళ్ల దగ్గరున్న సరుకంతా 61 జీబీ. అది పైకి ఎక్కడానికి తెగకుండా సాగితేనే పదకొండు గంటలు దాటుతుంది.

ఈ రెండు పరీక్షలకూ నిలబడింది క్లిప్‌చాంప్. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ సంస్థను మైక్రోసాఫ్ట్ 2021లో కొన్నది. విండోస్ 11లో ముందే ఉంటుంది, క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో కూడా తెరుచుకుంటుంది. మేం పని చేసిన 2024లో ఉచిత ఖాతాకు 1080 దాకా వాటర్‌మార్కు లేకుండా ఎక్స్‌పోర్ట్ ఇచ్చింది, క్లిప్పులు మా హార్డ్ డిస్కు దాటలేదు. ఇలాంటి నియమాలు ఏటా మారుతుంటాయి కాబట్టి పరీక్ష ఎవరికి వారు మళ్లీ చేసుకోవాల్సిందే. క్యాన్వా అనే డిజైన్ సైటును పక్కన ఉంచుకున్నాం. ఆహ్వానపు కార్డులా ఒక నిమిషం వీడియోకు అది బాగుంటుంది, పొడవైన కూర్పుకు నాకు చేయి ఆడదు. నా దుకాణంలో అయితే డావించి రిజాల్వ్ అనే పెద్ద ఎడిటర్ ఉచిత వెర్షన్ వాడతాను. 8 జీబీ ర్యామ్ ఉన్న ఆమె ల్యాప్‌టాప్‌లో అది నడిచేదాని కంటే నిద్రపోయేది ఎక్కువ.

61 జీబీ వడపోత

అసలు పని ఇక్కడే ఉంది, ఎవరూ దీని గురించి రాయరు. మొత్తం పని సుమారు 37 గంటలు తీసుకుంటే అందులో 14 గంటలు చూసి, పేరు పెట్టి, పక్కన పెట్టడానికే పోయాయి. ప్రతి ఫైలు పేరు ముందు సంవత్సరం రాయించాను. ఏడాది తెలియనివి మామగారి దగ్గర కూర్చుని అడిగి రాసుకున్నారు. ఆయన చీరల రంగును బట్టి సంవత్సరం చెప్పారట.

సరుకులో ఏమున్నాయంటే: 1994లో పెద్ద కొడుకు పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్, దాన్ని ఎవరో ఎప్పుడో రెండు డీవీడీలుగా చేసి ఇచ్చినవి. 2007 నాటి హ్యాండీక్యామ్ చిన్న డీవీడీలు ఐదు. 2008లో బటన్ల ఫోనుతో తీసిన 3జీపీ క్లిప్పులు. అమెరికాలోని చిన్న కొడుకు ఐఫోను వీడియోలు 22 జీబీ. మిగిలినవి ఇక్కడి ఫోన్లవి, వాట్సాప్‌వి, స్కాన్ చేసిన ఫోటోలు.

చిన్న డీవీడీల్లో రెండు కంప్యూటర్‌లో పెడితే ఖాళీ డిస్కులుగా కనిపించాయి. ఇంకొకరైతే పారేసేవారే. హ్యాండీక్యామ్‌లో చిత్రీకరణ అయ్యాక 'ఫైనలైజ్' చేయకపోతే ఆ డిస్కు వేరే యంత్రానికి అర్థం కాదు, లోపల దృశ్యం మాత్రం ఉంటుంది. అదృష్టవశాత్తూ ఆ క్యామెరా ఇంకా బీరువాలో ఉంది. బ్యాటరీ చచ్చిపోయింది, ఛార్జరు వైరు నేరుగా పెట్టి, అందులోనే ఫైనలైజ్ చేయించాం. రెండింటిలోనూ చిన్నమ్మాయి చెవులు కుట్టించిన రోజు ఉంది.

ఐఫోను క్లిప్పులు ఇంకొక తలనొప్పి. బ్రౌజర్‌లో మాట వినిపిస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. ఐఫోను మామూలుగా హెచ్ఈవీసీ అనే పద్ధతిలో వీడియోను దాస్తుంది. చోటు బాగా కలిసివస్తుంది: ఆపిల్ లెక్కలో 1080 వీడియో నిమిషానికి హెచ్.264 అనే పాత పద్ధతిలో 130 ఎంబీ, కొత్తదానిలో 60 ఎంబీ. కానీ దాన్ని విప్పి చూపే ఏర్పాటు ప్రతి కంప్యూటర్‌లో ఉండదు. చిన్న కొడుకు కొత్తగా శుభాకాంక్షలు రికార్డు చేసి పంపేటప్పుడు కెమెరా సెట్టింగుల్లో 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకోమని, వెలుగునీడలను ఎక్కువగా పట్టే హెచ్‌డీఆర్ పద్ధతి ఆపమని చెప్పించాం. పాతవాటిని మార్చుకోక తప్పలేదు.

ఇక్కడ ఆమె పెట్టిన నియమం ఒకటి సడలింది. అంతా బ్రౌజర్‌లోనే చేయాలనుకున్నారు. ఉచితమే అయినా, వీడియోల పద్ధతి మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో దించుకోవాల్సి వచ్చింది. ఫోనులు వెలుతురును బట్టి సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను మార్చుకుంటూ పోతాయి. ఎడిటర్ దాన్ని స్థిరంగా ఉందనుకుని పేరిస్తే నాలుగు నిమిషాల తర్వాత పెదవులు ఒకచోట, మాట ఒకచోట ఉంటాయి. హ్యాండ్‌బ్రేక్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' నొక్కి, 30 అని ఇచ్చి, హెచ్.264లోకి మార్చుకుంటే ఆ గొడవ తీరుతుంది. రాత్రి పడుకునే ముందు వరుసలో పెడితే తెల్లారేసరికి అయిపోయేవి.

డీవీడీ సంగతి కొంచెం చెప్పాలి. పాత టీవీ బొమ్మ ఒక్కొక్క ఫ్రేములో రెండు అర బొమ్మలను మోస్తుంది: ఒకదానిలో బేసి గీతలు, ఇంకొకదానిలో సరి గీతలు, మధ్యలో సెకనులో యాభయ్యో వంతు తేడా. గొట్టం టీవీలో అది తెలియదు. కంప్యూటర్ రెండింటినీ ఒకేసారి చూపిస్తుంది కాబట్టి అక్షతలు వేసే చేతికి దువ్వెన పళ్లు మొలుస్తాయి. హ్యాండ్‌బ్రేక్‌లో 'డీఇంటర్‌లేస్' పెడితే పోతుంది. అలాగే డీవీడీ ఫ్రేము 720కి 576. తెరమీద మాత్రం అది 768కి 576గా విప్పుకోవాలి, లేదంటే మనుషులు సన్నబడతారు. ఇంకా ఘోరం, దాన్ని వెడల్పు తెరకు సాగదీయడం. పెళ్లికూతురు నిలువునా ఉండాల్సింది అడ్డంగా ఉంటుంది. పక్కల నల్ల పట్టీలు వదిలేయమన్నాను. ఆ ఖాళీలో అదే బొమ్మను మసకగా నింపే ఆప్షను ఇప్పుడు చాలా ఎడిటర్లలో ఉంది, టీవీ వార్తల్లోనూ అదే. నాకు అది గోడకు పాన్ మరకలా కనిపిస్తుంది. ఆమె నా మాట విన్నారు. 3జీపీ క్లిప్పుల వెడల్పు 176 చుక్కలే. వాటిని పెద్దవి చేయకుండా నల్ల తెర నడుమ తపాలాబిళ్లంత ఉంచాం. పిల్లవాడి తొలి అడుగులు అందులో ఉన్నాయి. హాలులో జనం ముందుకు వంగి చూశారు.

పాత వీడియో సెకనుకు 25 ఫ్రేములు, మా కూర్పు 30. ఆ సర్దుబాటులో కదలికకు చిన్న కుదుపు వస్తుంది. ఇంట్లో ఎవరూ గమనించలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇంతా అయ్యాక పీట మీదకు వచ్చినవి 94 క్లిప్పులు, 3 జీబీ పైచిలుకు.

ఇరవై రెండు సెకన్లు

1994 పెళ్లి తిరుమలలో జరిగింది, నలుగు చిత్తూరులోని ఇంట్లో. గుడిలోకి కెమెరా రాదు కాబట్టి అప్పటి వీడియోగ్రాఫరు ఆ లోటు ఘాట్ రోడ్డు మీద తీర్చుకున్నాడు. బస్సు కిటికీలోంచి మలుపులు, కొండ, మళ్లీ మలుపులు, బస్సులో కునికిపాట్లు పడేవాళ్లు, తొమ్మిది నిమిషాలు ఆపకుండా తీశాడు. నేను దాన్ని ఆరు సెకన్లకు కోయించాను.

వీడియో పొడుగునా సినిమా పాటలు. అది మా వృత్తి చేసిన పాపం. ఆ రోజుల్లో మిక్సింగ్ అంటే అసలు శబ్దం తీసేసి పాటల క్యాసెట్ ఎక్కించడం, పూలు, గుండె బొమ్మలు విసరడం. మంత్రాలు, నాదస్వరం, మేనత్తల తగాదాలు అన్నీ పోయేవి. నేనూ చాలా పెళ్లిళ్లకు అలాగే చేశాను.

నలుగు దగ్గర ఒక పాట అయిపోయి ఇంకొకటి మొదలయ్యే లోపు, మిక్సింగ్ చేసినతను ఏమరుపాటున కాస్త ఖాళీ వదిలాడు. ఆ ఖాళీలో ఒక ముసలి గొంతు పెళ్లిపాట పాడుతోంది. కొలిస్తే ఇరవై రెండు సెకన్లు. మనిషి ఫ్రేములో లేదు, భుజం మీది కొంగు మాత్రం కనిపిస్తుంది. కోడలు ఆ భాగం ఇంటికి తీసుకెళ్లి మామగారికి వినిపిస్తే అది ఆయన తల్లి గొంతు. ఇంట్లో పిల్లలు పెద్దవ్వ అనేవారు. ఆవిడ 1999లో పోయారు. కోడలు ఆ ఇంటికి వచ్చింది 2004లో. అంటే ఆమె ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

గొంతు కింద బుర్రుమని మోత ఉంది. శబ్దం శుభ్రం చేస్తామనే ఉచిత సైటు ఒకదానిలో పెట్టి చూశాం. ఇంటి గుట్టు ఏమీ లేని ఇరవై రెండు సెకన్ల పాటే కాబట్టి పైకి ఎక్కించడానికి ఒప్పుకున్నాను. మోత పోయింది, పెద్దవ్వ కూడా పోయింది. బిందెలో తల పెట్టి పాడినట్టు వచ్చింది. మాటలకు అలవాటుపడిన ఆ సాధనాలు పాటలోని దీర్ఘాన్ని కూడా మోతే అనుకుని కోసేస్తాయి. ఊపిరి తీసుకునే చప్పుడు కూడా లేదు.

అందుకని ఆడాసిటీలో చేశాం. శబ్దాన్ని సరిదిద్దే ఇదీ దించుకోవాల్సిన ఉచిత సాఫ్ట్‌వేరే. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి దాని మోత 50 దగ్గర, దానికి రెట్టింపు 100 దగ్గర కూర్చుంటుంది. ఆడ గొంతు అంతకంటే బాగా పైన మొదలవుతుంది. 'హై పాస్ ఫిల్టర్' 120 దగ్గర పెడితే కింది మోత చాలావరకు తగ్గింది, గొంతు జోలికి పోలేదు. ఆ తర్వాత కొంచెం పెంచాం. టేపు సుయ్యిమనే శబ్దం వదిలేశాం. అది 1994లో ఆ గదిలో ఉన్న గాలి అనుకోవచ్చు. తెరమీద పెద్దవ్వ ఫోటో ఒక్కటే పెట్టాం, ఏ కదలికా లేకుండా.

మిగతా సినిమాకు సంగీతం కావాలి. అన్నమయ్య కీర్తన అయితే అభ్యంతరం ఉండదు కదా అన్నారు ఆమె. 1503లో కాలం చేసిన కవి కీర్తన మీద ఎవరికీ హక్కు లేదు, నిజమే. కానీ దాన్ని ఎవరో పాడి రికార్డు చేసిన ట్రాకు మీద ఉంటుంది. మన చట్టంలో రికార్డింగుకు 60 ఏళ్ల హక్కు. తిరుపతిలో ఉంటూ నాదస్వరానికి ఎక్కడో వెతుక్కోవడం దేనికి? వాళ్ల బంధువుల అబ్బాయి ఇక్కడే నాదస్వరం నేర్చుకుంటున్నాడు. ఒక ఆదివారం పొద్దున మేడ మీద నాలుగు నిమిషాలు వాయించాడు, ఫోనులో రికార్డు చేసుకున్నాం. మధ్యలో ఒక కాకి అరిచింది. ఉంచేశాం.

పేర్లు, ముక్కలు, హాలు

తెలుగు పేర్లు వేయడం చిన్న పనే, కానీ చాలామంది ఇక్కడే విసిగిపోతారు. బంధువొకరు పేర్ల జాబితాను అను ఫాంటులో టైపు చేసి పంపారు. పెళ్లిపత్రికల డీటీపీకి దశాబ్దాలుగా అలవాటైన ఫాంటు. అది యూనికోడ్ కాదు, బ్రౌజర్‌లో అతికిస్తే కాకిగీతలే. మళ్లీ టైపు చేశాం. ఎడిటర్‌లోని అలంకారపు ఫాంట్లలో తెలుగు అక్షరాలే ఉండవు, రాసినా అన్నీ ఒకే రకంగా వస్తాయి. ఉపాయం ఏమిటంటే పేరును ఎడిటర్‌లో రాయకూడదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర, మండలి, సూరన్న వంటి ఫాంటు దించుకుని, స్లైడులో రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచుకుని, దాన్ని వీడియో మీద పెట్టాలి. బొమ్మకు ఒత్తులు విడిపోవు.

మొత్తం పద్దెనిమిది నిమిషాలను ఒకే టైమ్‌లైన్‌లో పెట్టనివ్వలేదు. ఐదు ప్రాజెక్టులు, ఒక్కొక్కటి మూడు నాలుగు నిమిషాలు. చిన్న ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ బరువెక్కితే ఆగిపోతుంది, ఆగితే ఒక ముక్కే పోతుంది. ఐదింటినీ ఒకే కొలతలో ఎక్స్‌పోర్ట్ చేసి, లాస్‌లెస్ కట్ అనే ఉచిత సాధనంలో అతికించాం. అది బొమ్మను మళ్లీ వండదు, ఉన్నదున్నట్టు కలుపుతుంది, కొద్ది సెకన్లలో అయిపోతుంది. చివరి ఫైలు ఒక జీబీ చుట్టుపక్కల వచ్చింది. పెన్‌డ్రైవ్ పాత ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఆ భయమూ లేదు.

వేడుకకు ముందు రోజు సాయంత్రం ఆమె మండపానికి వెళ్లి పెద్ద తెరమీద వేసి చూశారు. ఇది నేను ప్రతివారికీ చెప్పేదే. ఏడు గంటలకు ఫోను: "అన్నా, 1994 భాగమంతా మూగగా ఉంది. ఇంట్లో బాగానే వినిపించింది."

తప్పు నాది. పాత క్యాసెట్‌ను డీవీడీ చేసినవారు రెండు వైర్లలో ఒకటే గుచ్చారు. శబ్దమంతా ఎడమ వైపే ఉంది, కుడి ఖాళీ. ఇంట్లో టీవీకి రెండు స్పీకర్లు, తేడా తెలియలేదు. మండపంవారి మిక్సరుకు కుడి వైరు ఒక్కటే వెళుతోంది. ఆడాసిటీలో గీతలు కళ్ల ముందే ఉన్నాయి, ఒకటి ఎగుడుదిగుడుగా, ఒకటి చదునుగా. మోత మీదే ధ్యాస పెట్టి నేను చూసుకోలేదు. పెద్దవ్వ పాట, ఇంత చేసి, ఆ హాలులో వినిపించకుండా పోయేది.

చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్లు, ఆ రాత్రి వచ్చే వీలు లేదు. ఫోనులోనే చెప్పాను: ఆ ముక్క తాలూకు శబ్దాన్ని ఆడాసిటీలో మోనో చేయడం, అంటే రెండు వైపులా ఒకే శబ్దం వచ్చేలా చేయడం, రెండో ప్రాజెక్టులో పాతదాని స్థానంలో పెట్టడం, ఆ ఒక్క ముక్కనే ఎక్స్‌పోర్ట్ చేయడం, ఐదింటినీ మళ్లీ అతికించడం. తొమ్మిదిన్నరకు అయిపోయింది. ఒకే టైమ్‌లైన్‌లో చేసి ఉంటే అర్ధరాత్రి దాటేది.

మరునాడు సినిమా నడిచింది. అమెరికా వాళ్ల కోసం యూట్యూబ్‌లో లింకు ఉన్నవారికే కనిపించేలా 'అన్‌లిస్టెడ్'గా పెట్టబోతే మొదటిసారి ఎక్కలేదు. ఫోను నంబరుతో ధ్రువీకరించని ఖాతాకు 15 నిమిషాలే పరిమితి. ధ్రువీకరించాక ఎక్కింది, వెంటనే సినిమా పాట ఒకటి ఉందని కంటెంట్ ఐడీ నోటీసు వచ్చింది. వీడియో బహిరంగం కాకపోయినా యూట్యూబ్ వెతుకుతుంది. ఆమె భయపడ్డారు. అది హక్కుదారు పాటను గుర్తించిన ప్రకటనే, ఖాతా మీద పడే శిక్ష కాదు. యూట్యూబ్ స్టూడియోలోనే ఆ పద్నాలుగు సెకన్ల పాటను మూగ చేశాం.

వారం తర్వాత ఆమె మళ్లీ ఫోను చేశారు. మామగారికి సినిమా నచ్చింది. తల్లి పాట దగ్గర ఏమీ అనలేదు, వినికిడి యంత్రం సరిచేసుకుని మళ్లీ వేయమన్నారు. అంతా అయ్యాక ఆయన అడిగింది ఒకటే: "ఆ కొండ బస్సు చాలాసేపు ఉండాలే, ఏది?"

నేను కోసిన తొమ్మిది నిమిషాలు. హ్యాండ్‌బ్రేక్ నుంచి వచ్చిన పూర్తి పెళ్లి ఫైలు హార్డ్ డిస్కులో భద్రంగా ఉంది కాబట్టి లాస్‌లెస్ కట్‌తో ఆ భాగం విడిగా తీయడం ఆమెకు రెండు నిమిషాల పని. టీవీలో పెట్టారు. డ్రైవరు వెనక సీట్లో కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నది ఆయన తమ్ముడట. ఎనిమిదో నిమిషంలో లేచి, కెమెరా వైపు చూసి, తువ్వాలు ముఖం మీద కప్పుకుంటాడు. నేను పని చేసేటప్పుడు ఆ నిమిషం దాకా చూడలేదు.

ఇప్పుడు ఆ ఫోల్డర్‌లో '1994_బస్సు' అని ఒక ఫైలు వేరుగా ఉంది.